మేడమీది స్పానిష్ వార్తలు

మేడమీద రేడియో మళ్లీ గరగరలాడింది.

కింది వాటాలో అద్దెకుండే ఆమె చేతిలోని చీపురు పడేసి మెట్లెక్కింది.

"ఏమండీ, ఆ గోల కాస్త ఆపుతారా?"

అద్దెకు దిగి నెల కూడా కాని ముసలాయన, రేడియోకు చెవి ఆనించి ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాడు. కిటికీలోంచి డాబా చివరిదాకా రాగి తీగ లాగి కట్టి ఉంది.

"ఏం భాషండీ అది? తిట్లా, పాటలా?"

"స్పానిష్ అమ్మా. వార్తలు. చాలా దూరం నుంచి రావాలి కదా, అందుకే ఆ గరగర."

"అక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"నాకెక్కడా ఎవరూ లేరమ్మా," అని నవ్వి, గొంతు తగ్గించాడు. "మీ అబ్బాయి ఓడ అటువైపే కదూ వెళ్లింది?"



ఆమె కొడుకు సరుకుల ఓడలో వంటవాడు. తుఫాను తర్వాత ఆ ఓడ నుంచి ఆరు రోజులుగా కబురు లేదు. కంపెనీ గుమాస్తా రోజూ "ఇంకా ఏమీ తెలీదమ్మా" అంటున్నాడు. తెలీదన్నంత కాలం బిడ్డ బతికున్నట్టేనని ఆమె ధైర్యం.

"మావాడి ఊసెత్తకండి. ఏ నోట ఏం వస్తుందో!"

అటునుంచి అటే ఇంటి యజమాని దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యగారూ, ఆ తీగమీద పిడుగు పడితే ఇల్లంతా బూడిదే. ఆయన్ని పంపించెయ్యండి."

"ఒంటికాయ సొంఠికొమ్ములాంటి మనిషమ్మా, ఎవరి జోలికీ పోడు."

"అయితే నేనే పోతాను."

"సరేలే, ఎల్లుండికల్లా ఖాళీ చేయిస్తా."

మర్నాడు సాయంత్రం నాలుగింటికి తలుపు దబదబా మోగింది.

"అమ్మా, తలుపు తియ్యండి! ఇప్పుడే రేడియోలో..."

ముసలాయన గొంతు వణుకుతోంది. పన్నెండేళ్ల కింద భర్త పోయిన కబురు తెచ్చినవాడి గొంతూ ఇలాగే వణికింది.

ఆమె గడియ వేసింది.

"చెప్పొద్దు!"

"తల్లీ, టైము లేదు. ఒక్క మాట విను."

"మంచి మాటైతే ఆఫీసువాళ్లే చెప్తారు. చెడ్డదైతే నాకొద్దు. పొండి!"

వంటింట్లోకి పరుగెత్తి కుళాయి పూర్తిగా తిప్పింది. బిందె నిండి పొర్లుతున్నా కట్టలేదు.

కట్టేసరికి తలుపవతల అలికిడి లేదు.

మరుసటి రోజు మేడ ఖాళీ అయింది. హమ్మయ్య అనుకుంది.

నాలుగో రోజు గుమాస్తా వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఓడ మునిగిందమ్మా. జాలర్లు ఇద్దర్ని ఒడ్డుకు చేర్చారు. అందులో మీవాడొకడు."

"ఉన్నాడా?"

"ఒక్కరోజు ఉన్నాడు. అక్కడి ఆసుపత్రివాళ్లు, ఇతని మనుషులెవరైనా ఫోను చెయ్యండని రేడియోలో పేరూ నంబరూ చదివించారట. ఆ సాయంత్రమే ముసలాయనొకడు రొప్పుకుంటూ మా ఆఫీసుకొచ్చి ఈ మాటే చెప్పాడు. రేడియో కబుర్లులే తాతా అని మేం నవ్వాం."



"నా బిడ్డ ఒంటరిగా పోయాడా బాబూ?"

"లేదమ్మా. ఇక్కణ్ణుంచి ఒకరు ఫోను చేశారు. నర్సు దాన్ని మీవాడి చెవి దగ్గరే పెట్టి ఉంచిందట. వాడు అమ్మా అన్నప్పుడల్లా, 'దార్లో ఉంది నాన్నా, వచ్చేస్తోంది' అని అవతల గొంతు అంటూనే ఉందట. చివరిదాకా. పక్క మంచం మీదున్న ఆ రెండోవాడు, మన తెలుగువాడే, విని చెప్పాడు."

గుమాస్తా ఆసుపత్రి కాగితం తీసి, దాని కింద గుచ్చిన తర్జుమా చదివాడు.

ఫోను చేసినవారు రోగికి ఏమవుతారు అన్న ప్రశ్నకు, ఎక్కడా ఎవరూ లేని ఆ మేడమీది మనిషి 'తండ్రిని' అని చెప్పుకున్నాడు.