మీసం మీద పందెం

"ఐస్ స్టేడియానికి షిమ్సా పేరు పెట్టకపోతే నా మీసం తీయించుకుంటాను!" అని ఒత్మార్ బల్ల గుద్దాడు.

"వోంద్రాచెక్ పేరు పెట్టకపోతే నేనూ తీయించుకుంటాను. పో!" అన్నాడు కామిల్.

బీరు గ్లాసులు అదిరిపడ్డాయి. ఇద్దరు ముసలాళ్ల మధ్య కూర్చున్న ఇవెతా తన గ్లాసు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇవెతా బ్ర్నో నగరం పిల్ల. పురపాలక కార్యాలయంలో చేరి నెల కాలేదు. ఈ కొండ ఊళ్లో బీరు కన్నా ముందు ఐస్ హాకీ అని ఇప్పుడిప్పుడే తెలిసొస్తోంది. బాగుచేసిన స్టేడియం శనివారం తెరుస్తారు. దానికి పాతకాలపు గోల్‌కీపర్ పేరొకటి పెట్టాలి. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకే జట్టుకు వంతులవారీగా గోలు కాచిన షిమ్సా, వోంద్రాచెక్. ఊరు సరిగ్గా రెండుగా చీలింది.

తేల్చే పని మేయర్ తెలివిగా ఇవెతా నెత్తిన పెట్టాడు. పేరు తప్పితే సగం ఊరు రేపటినుంచి ఆమె మొహం చూడదు. పాత ఫొటోలు తిరగేస్తే ఇద్దరి మొహాలకూ మాస్కులే, కింద ఉత్త ఇంటిపేర్లే. ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది.

"మిలుషే బీరు దుకాణానికి వెళ్లమ్మా," అన్నాడు మేయర్ ఆ పొద్దున. "పొయ్యి పక్కన ఒత్మార్, కామిల్ అని ఇద్దరుంటారు. ఆ గోల్‌కీపర్ల సంగతి వాళ్లకన్నా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు." అంటూ ఎందుకో నవ్వాపుకున్నాడు.

వచ్చి కూర్చున్నప్పటినుంచీ ఇదే గోల. ఇద్దరి ముక్కులూ వంకరే. ఈ వాదన ఎన్నిసార్లు చేతులదాకా వెళ్లిందో పాపం అనుకుంది ఇవెతా.

"వోంద్రాచెక్ కూడా ఒక గోల్‌కీపరేనా?" ఒత్మార్ అందుకున్నాడు. "ఎడమవైపు నుంచి హాకీ బిళ్ల వస్తే చాలు, గట్టిగా కళ్లు మూసుకునేవాడు, దద్దమ్మ!"

"మొహానికి మాస్కు ఉండేది కదండీ. కళ్లు మూసుకున్నట్టు మీకెలా తెలుసు?"

ఒత్మార్ మీసం ఒకసారి ఎగిరి దిగింది. "అంత దగ్గర్నించి చూశానమ్మాయ్."

"మరి ఓస్ట్రావా జట్టు మీద ఆఖరి నిమిషంలో ఆపిన బిళ్ల సంగతేమిట్రా?" అని కామిల్ ఉరిమాడు. "జనం లేచి నిలబడ్డారు!"

"ఆపాడా? ఊడిన స్కేట్ తాడు కోసం వంగాడు. బిళ్ల వచ్చి పిర్ర మీద తగిలింది. జనం పూనకం వచ్చినట్టు అరిచారు. వాడు సిగ్గులేకుండా రెండు చేతులూ ఎత్తాడు."

బీరు తెచ్చిన మిలుషే గ్లాసులు పెట్టి, ఏప్రన్ నోట్లో కుక్కుకుని వంటగదిలోకి పరుగెత్తింది.

"నీ షిమ్సా మాత్రం?" అన్నాడు కామిల్. "ఆట మొదలవుతుందంటే బకెట్ కోసం వెతుక్కునేవాడు. కడుపులో ఉన్నదంతా కక్కితేగానీ మంచు మీద కాలు పెట్టేవాడు కాదు. పిరికి గొడ్డు!"

"ఒరేయ్, షిమ్సాను అంటే ఊరుకోను!" ఒత్మార్ లేవబోయాడు. మోకాలు మాట వినక మళ్లీ కూలబడ్డాడు. "కక్కాడు, నిజమే. కక్కి, మూతి తుడుచుకుని, వెళ్లి నిలబడ్డాడు. భయం లేనివాడు నిలబడితే గొప్పేముందిరా?"

కామిల్ తన గ్లాసులోని బీరు సగం ఒత్మార్ గ్లాసులోకి వంపాడు.

"ఇంతకీ వాళ్లిద్దరూ బతికే ఉన్నారాండీ?" అని అడిగింది ఇవెతా.

"షిమ్సానా? వాణ్ని యముడు కూడా వద్దన్నాడు," అన్నాడు కామిల్.

"వోంద్రాచెక్ కూడా ఉన్నాడు, భూమికి బరువు," అన్నాడు ఒత్మార్.

కామిల్ ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఎవరికీ తెలీని మాట ఒకటి చెప్తాను. ఓ ఏడాది ఫైనల్ ముందు రోజు వోంద్రాచెక్ చేతి బొటనవేలు విరిగింది. షిమ్సాకేమో ఒళ్లు కాలిపోయే జ్వరం. తను తప్పుకుంటే ఆ జ్వరంతో షిమ్సా దిగాలి. అందుకని నోరు మెదపకుండా వెళ్లి ఆటంతా కాచాడు. స్కేట్ తాళ్లు కూడా కట్టుకోలేకపోయాడమ్మా."

"అబద్ధం! విరగలేదు, వాచిందంతే!" అని ఒత్మార్ కేక పెట్టి, బల్ల మీది చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఇవెతా కళ్లు చెమర్చాయి. ఒక అభిమాని ఇన్నేళ్లు ఇంత ప్రేమ దాచుకున్నాడంటే ఇక వేరే సాక్ష్యం ఎందుకనిపించింది.

"వోంద్రాచెక్," అంది.

"విన్నావా?" కామిల్ కుర్రాడిలా గెంతాడు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ ఒత్మార్ మూతి దాకా తెచ్చాడు.

ఒత్మార్ తల పట్టుకున్నాడు. "అన్యాయం తల్లీ! రేపటినుంచి ఆ దద్దమ్మ పేరు చూస్తూ ఆ దారిన ఎలా నడవను?"

పెద్దాయన్ను నొప్పించానే అని ఇవెతా ఇల్లు చేరేదాకా బాధపడింది.

శనివారం ఊరంతా వచ్చింది. బోర్డు మీది గుడ్డ లాగారు. చప్పట్లు ఆగాక మేయర్ మైకు అందుకుని, "మన వోంద్రాచెక్ గారు వేదిక మీదికి రావాలి," అని పిలిచాడు. ఆ మహానుభావుడు ఏ కారులో దిగుతాడో అని ఇవెతా మెడ చాచి గేటు వైపు చూసింది.

గేటులోంచి ఎవరూ రాలేదు. ముందు వరసలో మీసం మెలేస్తూ ఈలలు కొడుతున్న కామిల్‌ను "నీ అంతు చూస్తాన్రా, షిమ్సా!" అని తిట్టి, నున్నగా గొరిగిన మూతి ముడుచుకుని, మోకాలు పట్టుకుని మెట్లెక్కినవాడు ఒత్మార్.