పీచ్‌పండ్ల సీసా

"పెద్దాయనా, ముందా సీసా తీసెయ్యండి!"

భూకంప స్మారక స్తంభం మెట్ల మీద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన ముందు పంచదార పాకంలో వేసిన పీచ్‌పండ్ల సీసా మూత తీసి ఉంది. పక్కనే ఒక చిన్న చెంచా కూడా పెట్టాడు.

రుయ్‌ఫెన్ చీపురు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. ఆ మైదానం ఊడ్చేది ఆమే. జులై నెల ఉక్కలో కూడా ఎడమ చేతి గుడ్డ తొడుగు తియ్యదు.

"తినడానికి కాదమ్మా. ఒక పాపకి పెట్టాను."

"ఏ పాప?"

"భూకంపంలో పోయింది."

"ఈ ఊళ్లో ఎవరికి పోలేదు చెప్పండి? నాకు అమ్మా నాన్నా పోయారు, తమ్ముడు పోయాడు. అందరూ తలో సీసా తెచ్చి పెడితే చీమలకి పండగ, మాకు చీవాట్లు. పువ్వులు పెట్టుకోండి, వద్దనం. సాయంత్రం మీ వీధి కూడలిలో పోయినవాళ్లకి డబ్బు కాగితాలు కాల్చుకోండి."

"నాకీ ఊళ్లో వీధి లేదమ్మా. లియావ్‌నింగ్ నుంచి వచ్చాను."

"యాస వింటేనే తెలుస్తోంది లెండి. అక్కడే కాల్చుకోండి మరి."

"ఆ పాపకి నేనేమీ కాను. చుట్టం కానివాడు కాలిస్తే అందదంటారుగా. సీసా అయితే కంటికి కనబడుతుంది, వచ్చి తీసుకుంటుందేమోనని..."

రుయ్‌ఫెన్‌ది నోరు పెద్దదే గాని మనసు మంచిది. ఇంకేదైనా పెట్టి ఉంటే ఈ మాటకి కరిగిపోయేదే. కాని పీచ్‌పండ్ల సీసా కనబడితే చాలు, చిన్నప్పటి నుంచీ ఆమె మొహం తిప్పేసుకుంటుంది. మా తాంగ్‌షాన్‌లో పిల్లలకి జ్వరం వస్తే ముందు కొనేది ఆ సీసానే. కన్నకొడుకు జ్వరంతో మూలుగుతూ అడిగినా ఆమె కొనలేదు.

"ఒక్క అగరొత్తి కాలేంతసేపు ఉండనివ్వమ్మా. నా ఊపిరితిత్తుల సంగతి డాక్టర్లు తేల్చేశారు. వచ్చే ఏడు రాలేను."

"అందరూ ఇదే మాట."

ఆమె సీసా తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేసింది. లోపల గాజు పగిలిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

ముసలాయన లేచి, స్తంభం వైపు మూడుసార్లు వంగి దండం పెట్టి, దగ్గుకుంటూ మెట్లు దిగాడు. చెంచా ఆయన చేతిలోనే ఉండిపోయింది. అది చూసి రుయ్‌ఫెన్‌కి సిగ్గేసింది గాని, అప్పటికే మాట జారిపోయింది. ఆమెతో పాటు ఊడ్చే పాంగ్ వదిన పరుగున వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించింది.

ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి కూడలిలోనూ మంటలే. ఏటా భూకంపం వచ్చిన ఈ రోజున మా ఊరంతా పొగ వాసనే వేస్తుంది.

రుయ్‌ఫెన్, పాంగ్ వదిన తామున్న మేడ ముందు కూడలిలో కూర్చున్నారు. సుద్దముక్కతో గుండ్రం గీసి, పోయినవాళ్లు లోపలికి రావడానికి కాస్త సందు వదిలారు. రుయ్‌ఫెన్ తొడుగు తీసింది. ఆ చేతికి రెండు వేళ్లు లేవు.

"అమ్మా, నాన్నా, తీసుకోండి. తమ్ముడూ, కొట్లాడకు, నీ వంతు నీకుంది."

పసుపు కాగితాలన్నీ అయిపోయాక, మిగిలిన ఒక్కదాన్ని విడిగా అంటించింది.

"ఏటా చూస్తున్నా, ఆ ఆఖరిది ఎవరికే? పేరు పిలవకపోతే దారినపోయే దయ్యం ఎత్తుకుపోతుంది," అంది పాంగ్ వదిన.

"పేరు తెలీదు వదినా. బాబాయ్ అనేదాన్ని."

"నీకు బాబాయిలెక్కడున్నారే?"

రుయ్‌ఫెన్ పుల్లతో కాగితం అంచు మంటలోకి నెట్టింది. పాంగ్ వదిన నిట్టూర్చింది.

"పొద్దున్న ఆ ముసలాయన్ని అలా కసరకుండా ఉండాల్సింది. నా ప్రాణం ఉసూరుమంది."

"ఏమన్నాడు?"

"అప్పట్లో సిపాయిట. ఇటుకల కింద ఓ పిల్ల ఇరుక్కుందిట. చెయ్యొక్కటే బయటికి కనబడేదిట, అదీ రెండు వేళ్లు చితికిపోయి. ఆ చెయ్యి పట్టుకుని రాత్రంతా కబుర్లు చెప్పాట్ట. నిద్రపోకు, నీకు పీచ్‌పండ్ల సీసా ఇస్తా అన్నాట్ట. తెల్లారేసరికి పిల్ల అదిప్పుడే కావాలని ఏడ్చింది. సరేనని డేరా దాకా పరుగెత్తాడు. ఇంతలో భూమి మళ్లీ కదిలింది. సీసా పట్టుకొచ్చేసరికి గోడంతా కూలిపోయి ఉంది. ఆ చెయ్యి వదలకుండా ఉండాల్సిందమ్మా అని, బస్సొచ్చేదాకా అదే మాట."

రుయ్‌ఫెన్ లేచి నిలబడింది.

"ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయాడుగా."

"పేరేంటి?"

"అడగలేదే."

రుయ్‌ఫెన్ గుండ్రంలోకి అడుగుపెట్టి, కాలుతున్న ఆఖరి కాగితాన్ని చెప్పుకాలితో తొక్కడం మొదలుపెట్టింది.

"ఏయ్, పిచ్చెక్కిందా? పోయినవాళ్లకిచ్చింది తొక్కుతారటే!"

మంట ఆరిపోయింది. అయినా ఆమె తొక్కుతూనే ఉంది.

"గోడ పడకముందే వేరే సిపాయిలొచ్చి నన్ను తీసి లారీ ఎక్కించారు వదినా. అది కూలిన చప్పుడు లారీలోంచి విన్నాను. నేనడిగిన సీసా పట్టుకొచ్చి, బాబాయ్ ఆ గోడ కిందే పోయాడనుకున్నాను."

పాంగ్ వదిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"బతికున్నవాళ్లకి కాగితం కాల్చకూడదు కదా వదినా," అంది రుయ్‌ఫెన్, బూడిద వైపు చూస్తూ. "నేను ఏటా కాలుస్తూనే ఉన్నాను."