మూడ్రోజుల అలక

“ఆ బుంగమూతి ఇంకెన్నాళ్లు పెట్టుకుంటావే?” అన్నాడు ధనుంజయ్. టెక్కలిలోని పుట్టింటికి పంపనందుకు పెళ్లాం లావణ్య అలిగి మూడ్రోజులైంది.

“అలక ఎప్పుడో పోనాది మావా. ఒంట్లోనే బాగునేదు,” అంది లావణ్య జీడిపప్పు పొట్టు తీస్తూ.

“మొహం గంటు పెట్టుకుని మళ్లీ అబద్దమొకటి.”

అతని తల్లి సూరమ్మ దగ్గరికొచ్చి, కోడలి పాదం మీద వేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

“కిడ్నీలు పోయినప్పుడు మీ అయ్య మొహమూ ఇలాగే ఉబ్బింది,” అంది సూరమ్మ, కొడుకు వైపు చూడకుండా. “అలకనుకుని నెల్లాళ్లు నాను మాటాడనేదురా.”

ధనుంజయ్ పెళ్లాం ముందు కూలబడ్డాడు.

“నా మీద కోపమే గదే? అలిగానని ఒక్కసారి సెప్పే.”