అల్లంకొమ్ములాంటి చెయ్యి

కావ్యశ్రీ గీసిన బూటు వంకరగా ఉందని వాళ్లమ్మ నమ్రత దాన్ని చెరిపేసి, తిన్నగా గీసిపెట్టింది.

గొడవంతా అక్కడే మొదలైంది.

అమెరికాలో వాళ్లుండే చాండ్లర్‌లో హైస్కూల్ తెరిచి వారం కాలేదు. తొమ్మిదో క్లాసులో చేరిన కావ్యశ్రీ ముచ్చటపడి ఆర్ట్ వన్ అనే డ్రాయింగ్ క్లాసు తీసుకుంది. మొదటి హోంవర్క్ బూటు గీయడం. అయితే కాగితం వైపు చూడకూడదు, బూటు వైపే చూడాలి.

"చూడకుండా గీస్తే వంకర రాక ఏమొస్తుందే? ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నేను క్లాస్ ఫస్ట్. ఇలా ఇవ్వు," అంది నమ్రత.

ఆవిడ కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. గీత కాస్త పక్కకి పోయిందంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు.

మర్నాడు క్లాసులో అందరి బూట్లూ గోడకి పెట్టారు. అన్నీ వంకరే. ఒక్కటి మాత్రం షాపులోంచి అప్పుడే తెచ్చినట్టుంది.

"చాలా నీటుగా ఉంది. కానీ ఇది గీసినవాళ్లు బూటుని చూడలేదు, కాగితాన్నే చూశారు," అంది ఆర్ట్ టీచర్ మిస్ లోరెంజ్.

పిల్లలంతా నవ్వారు. కావ్యశ్రీకి తల కొట్టేసినట్టయింది.

క్లాసయ్యాక, మూల సింకు దగ్గర ఎవరో బ్రష్షులు కడుగుతుంటే, టీచర్ దగ్గరికెళ్లి, "నేనీ క్లాస్ డ్రాప్ చేస్తాను. నాకు డ్రాయింగ్ రాదు," అంది.

"శుక్రవారం దాకా టైముంది. అప్పటికీ ఇదే మాటంటే సరే," అంది టీచర్.

అంత ఇష్టంగా తీసుకున్న క్లాసుని వదులుకోవాలంటే ఏడుపొచ్చింది. మళ్లీ గోడ ముందు నిలబడాలంటే అంతకంటే భయమేసింది.

మర్నాడు వెళ్లేసరికి తన టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేతచీర, ఏసీ చలికి దానిమీద స్వెటర్, కాళ్లకి తెల్ల స్నీకర్లు. పేరు ఛాయాదేవి. ఇండియా నుంచి కూతురింటికి వచ్చిందట. స్కూల్లో వాలంటీరుగా బ్రష్షులు కడిగిపెడుతూ, తీరిక దొరికినప్పుడు పిల్లలతో కూర్చుని గీస్తుందట.

"తెలుగమ్మాయివేనా? హమ్మయ్య! టీచరమ్మ ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క అంతుపట్టడం లేదు. ఏం గీయమంటోందో కాస్త చెప్పు తల్లీ."

"హ్యాండ్ ఆంటీ. మన హ్యాండ్ మనమే గీయాలి. పేపర్ చూడొద్దు."

ఆవిడ తన చెయ్యి చూస్తూ బుద్ధిగా గీసింది. అది చూసి కావ్యశ్రీ ఆపుకోలేక ఫక్కున నవ్వింది.

"ఎలా ఉందేమిటి?"

"సారీ ఆంటీ... అల్లంలా ఉంది."

"మంచిదే, టీలోకి పనికొస్తుంది," అంటూ ఆవిడ లేచి, అందరికంటే ముందు వెళ్లి దాన్ని గోడకి గుచ్చింది.

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వింది. ఆ నవ్వులో కావ్యశ్రీ తన వంకర చేతిని కూడా దాని పక్కనే గుచ్చేసి వచ్చింది.

శుక్రవారం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో ఆ పిల్లకి గుర్తే లేదు.

ఇక రోజూ ఆవిడకి సందేహాలే. ఈ ఉల్లిపాయకి నీడ ఎటు వేయాలి? తెలుపు ఎక్కడ వదలాలి? జవాబు చెప్పాలంటే ముందు తను చూడాలి కదా. అలా చూసి చూసి కావ్యశ్రీకి చూడటం అలవాటైంది. ఇంటికొచ్చాక కూడా అవే కబుర్లు.

నమ్రతకి ఇదేమీ మింగుడుపడలేదు.

"నీ పని మానేసి ఆవిడకి ట్యూషనేంటే? ఇంట్లో తోచక వచ్చి కూర్చుంటోంది. మరి నీ గ్రేడ్?"

"ఆంటీ మంచిది అమ్మా. షీ ఈజ్ సో ఫన్నీ."

"ఫన్నీగా ఉంటే ఎవరూ 'ఎ' ఇవ్వరు."

అక్టోబర్‌లో తల్లిదండ్రుల్ని స్కూలుకి పిలిచినప్పుడు నమ్రత ఊరుకోలేదు. "మా అమ్మాయికి ఆ పెద్దావిడకి చెప్పడంతోనే సరిపోతోంది. దయచేసి టేబుల్ మార్చండి," అంది.

మిస్ లోరెంజ్ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. ఇప్పుడు మార్చినా ఫర్వాలేదు," అంది.

ఛాయాదేవి కిటికీ పక్క టేబుల్‌కి వెళ్లింది. అక్కడ కూర్చునే అమ్మాయి క్లాసులో నోరు విప్పి మాట్లాడగా ఎవరూ వినలేదు.

కావ్యశ్రీ ఇంట్లో మూతి ముడుచుకుని తిరిగింది. కానీ తర్వాత బొమ్మలు గోడకి పెట్టినరోజు అందరికంటే ముందు లేచింది తనే.

డిసెంబర్‌లో స్కూల్లో ఆర్ట్ షో పెట్టారు. కావ్యశ్రీ గీసిన ఉల్లిపాయలు గోడ మధ్యలో ఉన్నాయి. నమ్రత వాటిని దగ్గరికెళ్లి చూసింది, వెనక్కి జరిగి చూసింది.

"పొట్టు ఊడొచ్చేలా ఉందే! నావల్ల అయ్యేది కాదు," అంది.

అమ్మ నోట ఆ మాట! కావ్యశ్రీకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం.

"చాలా థాంక్స్ మిస్ లోరెంజ్. అంతా మీ చలవే," అంది నమ్రత.

"నాకు కాదు, ఛాయాదేవిగారికి చెప్పాలి. కానీ పోయినవారమే ఇండియా వెళ్లిపోయారు. వీసా గడువు అయిపోయిందట."

కావ్యశ్రీ ముఖం చిన్నబోయింది. పోయినవారమంతా తను జ్వరంతో ఇంట్లోనే ఉంది. ఆంటీకి బై కూడా చెప్పలేదు.

నమ్రత మాత్రం తెల్లబోయింది. "ఆవిడకా? ఆవిడకి నేర్పింది మా అమ్మాయే కదండీ!"

మిస్ లోరెంజ్ నవ్వింది.

"హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, మీ అమ్మాయి క్లాస్ మానేస్తానన్న రోజున నా దగ్గరికొచ్చి, 'నన్ను ఆ పాప పక్కన కూర్చోబెట్టండి, నేను ఎడమచేత్తో గీస్తాను' అన్నారు."