రెండో స్విచ్చి

"లోపల గాజు వాల్వులన్నీ వెలుగుతున్నాయి. శబ్దం మాత్రం రావట్లేదు," అన్నాడు తండ్రి, గిటార్ ఆంప్లిఫయర్‌ని రిపేరు బల్ల మీదికి దించుతూ. "మా అమ్మాయిది."

మెకానిక్ ప్లగ్గు పెట్టి, స్పీకరు వైరు లాగి చూశాడు. వాల్వుల్ని పెన్సిల్‌తో ఒక్కొక్కటే తట్టాడు. "ఎప్పట్నుంచి ఇలా?"

"పోయిన వేసవి నుంచి. పరీక్షలు పెట్టుకుని ఈ గోలేంటే అని కేకలేశాను. ఠక్కున ఆపేసి, బండి తాళం తీసుకుని వెళ్ళిపోయింది. ఆనక ప్లగ్గు నేనే పీకాను. నిన్న మళ్ళీ పెడితే ఇదీ వరస."

ఆ పూటే వీధి మలుపులో లారీ కింద పడి పిల్ల పోయిందని మాత్రం అతను చెప్పలేదు. తన మీద అలిగే పోయిందన్న మాట ఏడాదిగా గుండెల్ని కోస్తూనే ఉంది.

మెకానిక్ పకపకా నవ్వాడు. "ఇది పాడవలేదు సార్! రెండు స్విచ్చులున్నాయి చూడండి, ఒకటి కరెంటుకి, రెండోది శబ్దానికి. వాయించడం ఇక చాలనుకుంటే రెండూ కట్టేస్తారు. మీ అమ్మాయి రెండోదొక్కటే కట్టేసింది. శబ్దం ఆగుతుంది, వాల్వులు మాత్రం వేడిగా ఉంటాయి. ఇప్పుడే వస్తాననుకుని లేచేవాళ్ళు చేసే పనిది. అలకా పాడా! ఏ టీకో వెళ్ళుంటుంది."

నవ్వుతూనే స్విచ్చి మీదికి వేలు పోనిచ్చాడు. తండ్రి చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. అలాగే ఉండనీ," అన్నాడు. "తనే వచ్చి వేసుకుంటుంది."