రెండో గొంతు

"మీ కారులోంచి దిగిన అమ్మాయికి మీరే పరీక్ష పెట్టి, మీరే మార్కులు వేస్తారా? బాగుందండీ వరస!"

అత్తగారు ఆ మాట ఆడిషన్‌కు వచ్చిన అందరి ముందూ అనేసింది. నిజానికి ఆమె ఎవరికీ అత్తగారు కాదు. ఆ నాటక సంఘం ఏ నాటకం వేసినా అత్తగారి వేషం ఆమెదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. రెండు రంగాల్లో కనిపించి, కోడల్ని నాలుగు తిట్టి, లోపలికి వెళ్లిపోయే వేషాలు. ఈ ఏడాది వేయబోయే మొదటి నాటకం మాత్రం తెర లేచిన దగ్గర్నుంచి దిగేదాకా ఒక ముసలితల్లి చుట్టూనే తిరుగుతుంది. ఆ వేషానికి చివరకు ఇద్దరే మిగిలారు. ఒకరు అత్తగారు, ఇంకొకరు ఈమధ్యే సంఘంలో చేరిన కొత్తమ్మాయి.

పైఊరి నుంచి వచ్చిన కొత్త దర్శకుడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"వానలో తడుస్తూ నిలబడితే ఎక్కించుకున్నానండీ. ఎవరో కూడా తెలియదు."

"ఎవరో తెలియకుండానే ఎక్కించుకున్నారన్నమాట!"

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కొత్తమ్మాయి తల దించుకుంది. తప్పు లేనప్పుడు తల దించుకోవడం దేనికి, అనుకుంది అత్తగారు.

"అయితే మీ అనుమానం తీరే దారి మీరే చెప్పండి," అన్నాడు దర్శకుడు.

"మొహాలు చూడకుండా ఎంచండి."

"అలాగే. ఇద్దరూ లోపలి గదిలోకి ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, తల్లి మాటలు నాలుగు చెప్పండి. ముసలి గొంతుతో. ఏడుపు వద్దు, రాగాలు వద్దు. మైకు అబ్బాయి రికార్డు చేసి, ఏది ఎవరిదో చెప్పకుండా ఇక్కడ వినిపిస్తాడు."

"వినేటప్పుడు వీళ్లెవరూ ఉండకూడదు. ఒకడు దగ్గుతాడు, ఒకడు కన్ను గీటుతాడు. నేను మాత్రం ఉంటాను."

"ఉండండి. ఇంకో మాట కూడా ఇస్తున్నాను. ఎందుకు వద్దో కారణం చెప్పి మీరు కాదన్న గొంతుకు ఆ వేషం ఇవ్వను. నాకు కావలసింది నాటకం, గొడవ కాదు."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి అత్తగారికి కొత్త అనుమానం పట్టుకుంది. అడక్కుండానే ఇంత వరమా? ఇందులో ఏదో మెలిక ఉంది.

రికార్డింగు అయిపోయింది. అందరినీ వరండాలోకి పంపి తలుపులు మూశారు. ఖాళీ హాల్లో దర్శకుడు, అత్తగారు, మైకు అబ్బాయి మిగిలారు.

స్పీకరు గరగరలాడి, మొదటి గొంతు పలికింది. "తలుపు తియ్యకు. వచ్చింది వాడు కాదు. వాడైతే పిలుస్తాడు. తలుపు కొట్టడు." సన్నటి గొంతు. కాస్త ముక్కుతో పలుకుతోంది. దర్శకుడు కళ్లు మూసుకుని ముందుకు వంగాడు. ఆ వంగడం అత్తగారు చూసింది.

రెండో గొంతు పలికింది. అవే మాటలు. నిండుగా, బరువుగా. ఇది తనదే, అనుకుంది అత్తగారు. పుట్టినప్పటి నుంచి తన చెవుల్లో మోగుతున్న గొంతును తాను పోల్చుకోలేకపోతుందా?

"ఒకటోదండీ," అన్నాడు దర్శకుడు కళ్లు తెరిచి. "సందేహమే లేదు. ఆ గొంతులో నిజంగా ఒక తల్లి తలుపు దగ్గర కూర్చుని ఉంది. రెండోది బాగుంది గానీ, అప్పజెప్పిన పాఠంలా ఉంది."

"అనుకున్నాను! మీరు దాన్నే ఎంచుతారని నాకు ముందే తెలుసు."

"అది ఎవరిదో నాకు తెలియదండీ."

"మీకు తెలియకపోతే నాకు తెలుసు. కారణం కదా కావాలి? వినండి. మాటంతా ముక్కులోంచే. ప్రతి మాట చివరా గాలి పోతోంది. మూడో వరసలో కూర్చున్నవాడు 'ఏంటీ?' అని పక్కవాణ్ణి అడగాలి. ఆ పీల గొంతుతో నాటకమంతా నడిపిస్తే రెండో రంగానికి హాల్లో కుర్చీలే మిగులుతాయి."

మైకు అబ్బాయి చెయ్యెత్తాడు. "అత్తగారూ, ఒక్క మాట. రికార్డులో మన గొంతు..."

"నువ్వూరుకో తమ్ముడూ. నిన్ను మైకు పట్టమన్నారు, మాట కలపమనలేదు. నీకూ కారులో చోటిస్తానన్నారా ఏంటి?"

అబ్బాయి చెయ్యి దించేశాడు.

"ఇంకోసారి వేయిస్తాను, వినండి," అన్నాడు దర్శకుడు బతిమాలుతున్నట్టు.

"వెయ్యిసార్లు వేయించినా కాకి కాకే. మాట ఇచ్చారు. తప్పుతారా?"

దర్శకుడు స్పీకరు ఆపమని అబ్బాయికి సైగ చేశాడు. "తప్పను. రెండోదే ఖాయం."

అత్తగారే వెళ్లి తలుపులు బార్లా తీసింది. అందరూ లోపలికి వచ్చారు. ఆమె నేరుగా కొత్తమ్మాయి దగ్గరకు నడిచి భుజం మీద చెయ్యి వేసింది. గెలిచాక మనసు పెద్దది చేసుకోవడానికి ఖర్చేముంది?

"బాధపడకమ్మా. నీకింకా బోలెడు వయసుంది. ఈసారికి నాకు కోడలుగా వెయ్యి, దగ్గరుండి నేర్పిస్తా."

"సరేనండీ," అంది ఆ పిల్ల.

దర్శకుడు గొంతు సవరించుకున్నాడు. "ముసలితల్లి వేషం రెండో గొంతుది. ఇక మార్పు లేదు. ఇప్పుడు చెప్పవయ్యా, అది ఎవరిది?"

మైకు అబ్బాయి వైరు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"కొత్తమ్మాయిదండీ. అత్తగారూ, మీరు వద్దన్నది మీ గొంతునే."