తల తిప్పనివాడికీ కనిపించాలి

"నీళ్ళలో పడేయండి," అందామె.

షాపతను ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళుగా బండ్ల సామాను అమ్ముతున్నాడు గానీ, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే కొత్త దీపాన్ని పెట్టెలోంచి తీసీ తీయగానే నీళ్ళలో ముంచమన్న మనిషి తగల్లేదు. అయినా బేరం కదా! కౌంటరు కిందున్న బకెట్లో పడేశాడు. గుండ్రటి దీపం అడుగుకు పోయి, అక్కడి నుంచే నారింజ రంగులో ఆగి ఆగి మెరిసింది.

"చాలా? ఎక్కి తొక్కమంటారా?" వెటకారంగానే అడిగాడు.

"తొక్కండి."

తొక్కాడు. పక్కనున్న చవకరకం దీపాన్నీ తొక్కి చూపిస్తే, అది ఫట్‌మని పగిలింది. ఇది మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎర్రది కూడా ఉంది. చూస్తారా?"

"ఏది చూస్తే ఆగుతారు?"

"నన్నడిగితే నారింజదే. ఎర్రది చూస్తే ఏదో గొడవనుకుని తప్పుకుపోతారు. ఇది చూస్తే ఎవరో పాపం చిక్కుకుపోయారని నెమ్మదిస్తారు. ఛార్జింగ్‌ది మాత్రం కొనకండి. ఏ మూలో పడి ఉండి సరిగ్గా సమయానికి చస్తుంది. బ్యాటరీలది తీసుకోండి. వాటిని విడిగా దాచుకుని, అవసరానికి వేసుకోండి."

"తల తిప్పనివాడికి కూడా కనిపించాలి."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?"

ఆమె దీపానికున్న తడిని రుమాలుతో తుడిచింది. తర్వాత చెప్పేసింది. మనసులో ఉన్నదాన్ని మోసి మోసి అలిసిపోయినవాళ్ళు అంతే, ఎదురుపడ్డవాళ్ళకి చెప్పేస్తారు.

"మా అన్నయ్య. ఆగిపోయిన బండ్లను లాక్కెళ్ళే రికవరీ వ్యాను నడుపుతాడు. ఇదివరకు నాకు ఎక్కడ ఏ ఇబ్బందొచ్చినా ఒక్క ఫోను చేస్తే వచ్చి వాలేవాడు. ఇప్పుడు మాటల్లేవు."

"ఆస్తి గొడవలా?"

"అబ్బే! నా పెళ్ళికి ఆలస్యంగా వచ్చాడు. భోజనాలు కూడా అయిపోయాక, చేతులనిండా గ్రీజుతో. దారిలో ఎవరిదో దీపం మెరుస్తుంటే ఆగాడట. అన్నయ్య వరసే అంత, దీపం కనిపిస్తే దాటిపోడు. పగవాడిదైనా సరే. నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళి ఫోటోల్లో అన్నయ్య లేడు మరి! 'రోడ్డు మీదివాళ్ళే నీకు తోబుట్టువులైతే అక్కడే ఉండు, నా గడప తొక్కకు' అన్నాను. అందరి ముందూ."

"పెళ్ళికూతురి కోపం. మర్చిపోయుంటాడు లెండి."

"మర్చిపోతేగా! ఫోను ఎత్తడు. షెడ్డుకి వెళ్తే లారీ కిందికి దూరి, నేను వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు. రోజూ సాయంత్రం వ్యానులో ఎదురుపడతాడు, తల తిప్పడు." ఆమె దీపాన్ని బల్ల మీద పెట్టింది. "అన్నయ్య నన్ను 'ఏమే' అని పిలిచి ఎన్నాళ్ళయిందో తెలుసా? ఆ ఒక్క పిలుపు కోసం ప్రాణం లాగేస్తోందండీ."

షాపతని మనసు కరిగింది. అన్న అండ లేని పిల్ల, పాపం, తన జాగ్రత్త తనే చూసుకుంటోంది అనుకున్నాడు. బండి కిట్‌లో ఉండాల్సినవన్నీ బల్ల మీద పేర్చాడు. మెరిసే జాకెట్టు, మడతపెట్టే త్రికోణం బోర్డు, లాగుడు తాడు.

"అవేం వద్దు. దీపం చాలు."

"ఉత్త దీపంతో ఏం చేసుకుంటారమ్మా? తాడన్నా ఉండొద్దూ?"

"అవన్నీ అన్నయ్య దగ్గరుంటాయి," అనేసి నాలిక కరుచుకుంది.

షాపతను బ్యాటరీలు ఒక జత ఎక్కువే వేసి ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా ఆమె రోడ్డు అంచున దీపం పెట్టి పక్కన నిలబడింది. కాళ్ళకు అరిగిపోయిన ఇంటి చెప్పులే ఉన్నాయి. గుప్పిట్లో తాళం చెవి చెమటకు తడిసిపోతోంది.

ఒక కారాయన నెమ్మదించి తల బయటపెట్టాడు. "ఏమైనా సాయం కావాలామ్మా?"

"అక్కర్లేదండీ. మా అన్నయ్య వస్తున్నాడు."

ఆయన అటూ ఇటూ చూసి, ఏమీ అర్థం కానట్టు వెళ్ళిపోయాడు. ఆ మాట అని ఎంత కాలమైంది! వినేవాళ్ళు లేకపోయినా మళ్ళీ అనుకుంది, మా అన్నయ్య వస్తున్నాడు అని. రాకపోతే? ఈ దీపాన్ని కూడా దాటి పోయాడంటే ఇక తనకు అన్న లేనట్టే.

మలుపులో రికవరీ వ్యాను కనిపించింది. వెనక కొక్కెం ఊగుతోంది. లోపల మనిషి ఎప్పట్లాగే నిటారుగా ముందుకే చూస్తున్నాడు. వ్యాను ఆమెను దాటిపోయింది. అంతలో బ్రేకు కీచుమంది. వ్యాను మెల్లగా వెనక్కి వచ్చి ఆగింది.

అన్నయ్య పనిముట్ల పెట్టె పట్టుకుని దిగాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆమె మొహం చూడలేదు, దీపాన్నే చూశాడు.

"దీపం మంచిదే. పెట్టడమే రాలేదు. ఇంకా వెనక పెట్టాలి, మలుపు అవతల. ఎన్నిసార్లు చెప్పాను?"

"అయినా ఆగావుగా."

"దీపానికి ఆగాను. నీకు కాదు."

"తెలుసు అన్నయ్యా."

'అన్నయ్యా' అన్న పిలుపుకి అతను ఓసారి గొంతు సవరించుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "సరే, బండి తాళం ఇలా ఇయ్యి. చూసి పోతాను."

ఆమె తాళం చెవిని అతని అరచేతిలో పెట్టి, తన రెండు చేతులతో ఆ చేతిని మూసి పట్టుకుంది. వేళ్ళకి గ్రీజు అంటింది. వదల్లేదు. ఏడుపు ఆపుకోవాలని కూడా చూడలేదు.

అతను చెయ్యి విడిపించుకుని, గుప్పిట తెరిచి చూసుకున్నాడు. ఆమె వెనక బార్లా తీసి ఉన్న గేటునూ, లోపల ఆమె ఇంటి గడపనూ చూశాడు.

"ఏమే... ఇది ఇంటి తాళం కదే!"

ఆమెకు అసలు బండే లేదు.